నౌకరీ కోసం బయోడేటా వ్రాయుట
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పుమని సంఘం వారు మమ్ములను కోరినారు. విద్య ఎంత గొప్పదో ఈ వేదిక మీద ప్రతి ఏడూ వింటూనే ఉన్నాము. కనుక ఈసారి దానిని పక్కకు పెట్టి, చదువు అయిపోయిన తర్వాత మన పిల్లలు చేతబట్టుకొని తిరిగే ఒక కాగితం గురించి మనవి చేయదలచినాము. దాన్ని కొందరు బయోడేటా అంటరు, పట్నం పోయి వచ్చినవాళ్లు రెజ్యూమే అంటరు, పెద్దలు దరఖాస్తు అంటరు. పేరు ఏదైనా దాని పని ఒక్కటే. మనల్ని ఎన్నడూ చూడని మనిషి ఆ కాగితం చూసి మనల్ని పిలవాలా వద్దా అని తేల్చుకుంటడు. అప్పుడు పక్కన నిలబడి మాట్లాడటానికి మనం ఉండము, మన తరఫున కాగితమే మాట్లాడాలె.

మర్పల్లిలో గాని, వికారాబాద్‌లో గాని జిరాక్స్ దుకాణానికి పోయి "అన్నా, బయోడేటా కావాలె" అంటే పది నిమిషాలలో చేతిలో పెడతడు. దుకాణదారుని తప్పు పట్టవలసింది లేదు. ఆయన దగ్గర ఒకటే నమూనా ఉంటది, పేరూ తండ్రి పేరూ మార్చి ఇస్తడు. అందుచేత అందరి కాగితాలలో మొదటి వాక్యం ఒకటే. సవాళ్లతో కూడిన వాతావరణంలో తన నైపుణ్యములను సంస్థ అభివృద్ధికి వినియోగించుటయే తన లక్ష్యమని, పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలతో ఉంటది. దీని అర్థం ఏమి బేటా అని అడిగితే పిల్లవాడు నవ్వి ఊరుకుంటడు. చివరన అలవాట్లు: క్రికెట్ ఆడుట, పాటలు వినుట. ఎన్నడూ బ్యాటు పట్టని ఆడపిల్ల కాగితంలో కూడా ఆ క్రికెట్టే ఉన్నది. నౌకరీ ఇచ్చే మనిషి బల్ల మీద ఇటువంటివి ఒక కట్ట ఉంటే, ఆయన ఎవరిని గుర్తు పెట్టుకుంటడు?

ఇంకొక చిక్కు ఉన్నది. మన ఇండ్లల్లో బయోడేటా అంటే రెండు పనులకు నడుస్తున్నది, నౌకరీకీ, రిష్తాకూ. రిష్తా కోసం తయారైన కాగితమే కొంచెం దిద్ది కంపెనీకి పంపేవాళ్లు ఉన్నరు. ఎత్తు, రంగు, అక్కచెల్లెండ్లు ఎంతమంది, ఎందరి పెండ్లిండ్లు అయినవి, తండ్రి ఏమి చేస్తడు, ఖాందాన్ ఎటువంటిది, ఇవన్నీ అందులో ఉంటయి. ట్రాక్టర్ల కర్మాగారం మేనేజరుకు మీ అక్క పెండ్లితో పని లేదు. నౌకరీ కాగితంలో ఉండవలసినవి కొద్దిగనే: పేరు, ఫోను నంబరు, ఈమెయిలు, ఉండే ఊరు, చేసిన పని, చదువు, వచ్చిన భాషలు, నేర్చిన విద్యలు. ఒక పేజీ చాలు. పదేండ్లు పని చేసినవానికైతే రెండు. ఆధార్ నంబరు, పాస్‌పోర్టు నంబరు దాని మీద వేయవద్దు. ఈ కాగితం వాట్సాప్‌లో ఎన్ని చేతులు మారుతదో మనకు తెలియదు.

ఇక పేరు సంగతి. ఇది చిన్నదిగా కనిపిస్తది గాని, మేము బడిలో చూసినంతలో మన పిల్లలకు అడుగడుగునా తగిలే రాయి ఇదే. ముహమ్మద్ అని ఉర్దూలో అందరూ ఒకటే విధంగా వ్రాస్తరు. ఇంగ్లీషు అక్షరాలలోకి వచ్చేసరికి అది నాలుగు తీర్లు అయితది. అడ్మిషన్ రిజిస్టరులో ఒక తీరు, పదవ తరగతి మెమోలో ఎం.డి. అని రెండు అక్షరాలు, ఆధార్‌లో పూర్తి పేరు, పాస్‌పోర్టులో వేరే స్పెల్లింగు. షేక్ ఒక కాగితంలో ముందు ఉంటది, ఇంకొక దాంట్లో వెనుకకు పోతది. ఆడపిల్లలకు బేగం, సుల్తానా, ఫాతిమా అన్నవి ఒకచోట చేరుతయి, మరొకచోట రాలిపోతయి. పేర్లు పెట్టిన పెద్దలకు అన్నీ ఒకటే పిల్ల. సర్టిఫికెట్లు సరిచూసే గుమాస్తాకు వీళ్లు ముగ్గురు మనుషులు.

కనుక బయోడేటాలో పేరు పదవ తరగతి మెమోలో ఉన్నట్టే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాయాలె. మిగతా కాగితాలను దాని దారికి తెచ్చుకోవాలె. మెమోలోనే తప్పు ఉంటే, బడి హెడ్మాస్టరు ద్వారా ఎస్సెస్సీ బోర్డుకు పెట్టుకొని సవరించుకోవాలె. నౌకరీ ప్రకటన పడ్డ తర్వాత గాదు, ఈ రోజే. ఇంకా మంచి మాట ఏమంటే, పదవ తరగతి నామినల్ రోల్సు పంపే సమయానికి తండ్రి గాని తల్లి గాని బడికి వచ్చి పేరు, తండ్రి పేరు, పుట్టిన తారీఖు ఒక్కసారి కండ్లతో చూసుకోవాలె. మేము చీటీలు పంపుతాము. వచ్చేది సగం మంది.

బయటి దేశాలకు పోయేవారికి దీని బరువు మరీ ఎక్కువ. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వారు, పాస్‌పోర్టులో ఒకటే పేరు ఉన్నవారిని విజిట్, టూరిస్టు వీసాల మీద రానీయమని ప్రకటించినారు. తండ్రి పేరు పాస్‌పోర్టు లోపలి పేజీలో ఉంటే చాలునని తర్వాత సడలించినారు గాని, మన పిల్లలలో ఒకటే పేరువాళ్లు ఎంతమందో లెక్క తీయండి. ఇంకొక సంగతి కూడా గల్ఫ్ పోయే తమ్ముళ్లు తెలుసుకోవాలె. పదవ తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ చెక్ అవసరం ఉండదు. ఫెయిలై ఊరుకున్నవారికి ఆ చెక్ ఉంటది. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా లేదా అన్నది భారత ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. బయోడేటా ఇవ్వండి గాని, లైసెన్సు చూడకుండా పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టవద్దు.

జిల్లా పేరు కూడా మనవాళ్లను తికమక పెడుతున్నది. రంగారెడ్డి జిల్లా 1978 ఆగస్టు 15న ఏర్పడేదాకా మనది హైదరాబాద్ జిల్లా. తర్వాత రంగారెడ్డి. 2016 అక్టోబరు 11 నుండి వికారాబాద్ జిల్లా. ఒకే ఇంట్లో తాతకు, తండ్రికి, కొడుకుకు మూడు జిల్లాల సర్టిఫికెట్లు ఉన్నవి. దీనికి భయపడేది లేదు. సర్టిఫికెట్ మీద ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వాలె, బయోడేటాలో ఇప్పటి చిరునామా ఇప్పటి జిల్లాతో రాయాలె. సర్కారు నౌకరీలకు మాత్రం ఇంకొక జాగ్రత్త. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, 1వ తరగతి నుండి 7వ తరగతి దాకా ఎక్కువ ఏండ్లు ఏ జిల్లాలో చదివితే అక్కడి స్థానికుడు. మన దగ్గర కొందరు పిల్లలను బీదర్‌లో బంధువుల ఇంట్లో పెట్టి చదివిస్తరు. రైలెక్కితే దగ్గరే గాని, అది కర్ణాటక. ఆ ఏడేండ్ల బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

పేరు దగ్గరనే పిల్లలు మమ్ములను ఒక ప్రశ్న అడుగుతుంటరు. "సార్, పేరు చూసే పక్కన పెడుతున్నరు, పేరు పొట్టిగా చేసి రాస్తే ఏమైతది?" ఇది ఉత్త అనుమానం కాదు. 2007లో సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు పండితులు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక పరిశోధన ప్రకటించినారు. పత్రికలలో వచ్చిన ప్రైవేటు నౌకరీ ప్రకటనలకు, సమానమైన చదువు ఉన్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపి చూసినారు. పై కులపు హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడోవంతు మాత్రమే. అమెరికాలో బోస్టన్, షికాగో పట్టణాలలో ఇటువంటి పరిశోధనే జరిగి 2004లో అచ్చయింది. అక్కడ తెల్లవారివిగా తోచే పేర్లకు నల్లవారి పేర్ల కంటే సగం మేర ఎక్కువ పిలుపులు వచ్చినవి. అందులో ఇంకొక చేదు సంగతి కూడా ఉన్నది. దరఖాస్తు మరింత బాగా తయారైతే తెల్లవారి పేర్లకు లాభించినంతగా నల్లవారి పేర్లకు లాభించలేదు. కనుక బయోడేటా బాగా రాస్తే అన్ని తలుపులూ తెరుచుకుంటయని ఈ వేదిక మీద నిలబడి మేము చెప్పలేము.

అయినా పేరు దాచవద్దనే మా మాట. ఎందుకంటే, దాచిన పేరు చేరే రోజున మెమోతో బయటపడుతది. అప్పుడు మనది అబద్ధం అయితది, అవతలివానికి మంచి సాకు దొరుకుతది. దానికి బదులు రెండు పనులు చేయవచ్చును. ఒకటి, పేరు చూడకుండా మార్కులు చూసే తలుపులను వదలకూడదు. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు, బ్యాంకుల ఐబీపీఎస్, మన తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్, వీటి పరీక్షలలో ముందు హాల్‌టికెట్ నంబరే. రైల్వే బోర్డు కంప్యూటర్ పరీక్షను ఉర్దూలో కూడా వ్రాయవచ్చునని మన పిల్లలలో చాలామందికి తెలియదు. రెండు, ప్రైవేటులో కాగితం ఒక్కదాన్నే పంపి ఇంట్లో కూర్చోవద్దు. దగ్గరి జాగా అయితే మనిషి స్వయంగా పోవాలె. అక్కడ పనిచేస్తున్న మనవాడు గాని, ఊరివాడు గాని, యాదగిరన్న గాని, జోసెఫ్ గాని, ఎవరైనా సరే, ఈ పిల్లవాణ్ణి మేము ఎరుగుదుము అని ఒక్క మాట చెబితే పేరు వెనుకకు పోయి మనిషి ముందుకు వస్తడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము, చేసిన పని. మన పిల్లలు ఇక్కడనే తక్కువ రాసుకుంటున్నరు. ఒక పిల్లవాడు వచ్చినడు. డిగ్రీ అయినంక మూడేండ్లు మందుల దుకాణంలో ఉన్నడు. బయోడేటాలో అనుభవం దగ్గర "లేదు" అని రాసినడు. అదేమి అంటే, "సార్, అది నౌకరీ కాదుగదా, దుకాణం" అన్నడు. అతనితో కూర్చొని పొద్దున నుండి రాత్రి దాకా ఏమేమి చేస్తవో చెప్పు అన్నాము. కంప్యూటర్ మీద బిల్లులు కొడతడు. సరుకు దిగినప్పుడు బిల్లుతో సరిచూస్తడు. గడువు తారీఖు దగ్గరపడ్డ మందులు ఏరి కంపెనీకి వాపసు పంపుతడు. రాత్రి గల్లా లెక్క అప్పజెబుతడు. డాక్టరు చీటీ చదువుతడు, అది మనకెవరికీ చేతగాని విద్య. ఇవన్నీ నాలుగు వాక్యాలలో రాసినాము, ఎన్ని ఏండ్లు, రోజుకు ఎన్ని బిల్లులు అన్న లెక్కతో. కాగితం మారిపోయింది. అందులో ఒక్క మాట కూడా మేము కల్పించి చేర్చలేదు.

తాండూరు దిక్కు నాపరాయి పాలిషింగులో పనిచేసేవారు, కరన్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పోయేవారు, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారానికి పోవాలనుకునేవారు, అందరికీ ఇదే చెప్తున్నాము. "కష్టపడి పనిచేసే స్వభావము" అని రాస్తే ఎవరూ నమ్మరు, అందరూ అదే రాస్తరు. ఏ యంత్రం నడిపినవు, ఎన్ని ఏండ్లు, దాని రిపేరు నీకు వస్తదా, నీ కింద ఎంతమంది ఉండిరి? ఇవి రాయి. ఇటీవల చేసిన పని పైన ఉండాలె, పాతది కిందికి పోవాలె. నడుమ రెండేండ్లు ఖాళీ ఉంటే, తండ్రి బీమారీ వల్ల ఇంటి దగ్గర ఉన్నాను అని ఒక్క వాక్యం. దాచితే అనుమానం పెరుగుతది.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలె. ఇంట్లో కూర్చొని పండుగ సీజనులో కుట్టుపని ఆర్డర్లు తీసుకుంటరు, గడువులోగా అప్పజెబుతరు, డబ్బుల లెక్క నోటుబుక్కులో పెడతరు. వీధిలో పిల్లలకు ట్యూషన్లు చెప్తరు. మహిళా సంఘంలో పుస్తకాలు రాస్తరు. బయోడేటాలో మాత్రం "ఖాళీగా ఉన్నాను" అన్నట్టు ఒక గీత గీస్తరు. అమ్మా, పన్నెండు మంది పిల్లలకు రెండేండ్లు లెక్కలు చెప్పటం అనుభవం కాదా?

ప్రకటన చదివిన తర్వాతనే కాగితం దిద్దాలె. వాళ్లు అడిగింది ముందు, మనకు ముద్దొచ్చింది తర్వాత. ఇటలీలో లియొనార్డో డా విన్చీ అంతటి చిత్రకారుడు, సుమారు 1482లో మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జా కొలువు కోసం ఉత్తరం తయారు చేసుకున్నడు. ఆ పాలకునికి యుద్ధాల చింత. కనుక ఆయన తేలికగా మోసుకుపోగల వంతెనలు, ఫిరంగులు తయారు చేస్తానని వరుసగా చెప్పుకొచ్చి, బొమ్మలు వేయటం కూడా వచ్చునని చిట్టచివర పెట్టినడు. అంతటివానికి లేని నామోషీ మనకు ఎందుకు?

ఉర్దూ మీడియం అని రాయాలా వద్దా అన్నది ఇంకొక ప్రశ్న. ప్రైవేటు బయోడేటాలో మీడియం ఎవరూ అడగరు, పనిగట్టుకొని రాయనక్కరలేదు. అడిగినప్పుడు మాత్రం తల వంచుకోవద్దు. మీకు ఉర్దూ చదవను రాయను వచ్చు, తెలుగు వచ్చు, హిందీ వచ్చు, ఇంగ్లీషు ఎంతో కొంత వచ్చు. నాలుగు భాషలు, నాలుగు లిపులు. బీదర్ నుండి హైదరాబాద్ దాకా సరుకు అమ్ముకునే వ్యాపారికి, ఆసుపత్రి కౌంటరుకు, కొరియర్ దఫ్తరుకు ఇంతకంటే ఏమి కావాలె? ఏ భాష చదవగలరో, ఏది మాట్లాడటం మాత్రమే వచ్చునో విడివిడిగా రాయండి. దరఖాస్తు, తారీఖు, దస్తఖత్తు, నకలు, హాజరు, గుమాస్తా, ఇవన్నీ తెలుగు కచేరీలలోకి మన భాష వైపు నుండి పోయిన మాటలే. ఆ దఫ్తరు మనకు కొత్తది కాదు.

దరఖాస్తుకు తోడుగా పంపే ఉత్తరం గురించి క్లుప్తంగా. పూర్వం ఉర్దూ ఉత్తరానికి అల్కాబ్, ఆదాబ్ అని పొడుగాటి బిరుదులు, సలాములు ఉండేవి. సగం కాగితం దానికే పోయేది. మీర్జా గాలిబ్ వాటిని కోసేసి, ఎదుట కూర్చొని మాట్లాడినట్టు ఉత్తరాలు రాసినడు. 1868లో ఊద్-ఎ-హిందీ పేరుతో అవి అచ్చయినవి. ఇప్పటికీ తరగతిలో మేము అవే నమూనాగా చూపిస్తాము. మీ ఉత్తరం కూడా మూడు నాలుగు వాక్యాలే ఉండాలె: ఏ నౌకరీ, ఎక్కడ చూసినాను, ఆ పని నాకు ఎట్లా వచ్చు, ఎప్పుడు రాగలను. అయితే గాలిబ్‌ను ఇంటర్వ్యూ విషయంలో మాత్రం అనుసరించవద్దు. 1842లో ఢిల్లీ కాలేజీలో ఫారసీ ఉపాధ్యాయ పదవి కోసం పల్లకీలో పోయి, దొర బయటికి వచ్చి స్వాగతం చెప్పలేదని అటునుండి అటే తిరిగి వచ్చినారట. ఆయనకు చెల్లింది.

ఫోను నంబరు ఆర్నెల్లకు ఒకసారి మార్చేవారు పిలుపు రాలేదని ఏడ్వకూడదు. ఈమెయిలు మీ పేరుతోనే ఉండాలె, సినిమా హీరో పేరుతో గాదు. పెద్ద కంపెనీలలో మనిషి కంటే ముందు కంప్యూటరే చదువుతున్నది. రంగుల డబ్బాలు, పూల అంచులు పెడితే దానికి అక్షరాలు సరిగా అందవు. సాదా కాగితమే మేలు. ప్రకటనలో వాళ్లు వాడిన మాట, మీకు నిజంగా వచ్చిన పని అయితే, అదే మాట వాడండి. రాని కంప్యూటర్ కోర్సు, చేయని అనుభవం డబ్బులిచ్చి కొనుక్కోవద్దు. ఇప్పుడు కంపెనీలు పాత యజమానికి ఫోను చేసి అడుగుతున్నవి.

చివరగా సంఘం పెద్దలకు ఒక విన్నపం. ప్రతి నెలా మొదటి ఆదివారం జొహర్ తర్వాత రెండు గంటలు సంఘ కార్యాలయంలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టించండి. మేము, మా తోటి ఉపాధ్యాయులు వంతులు వేసుకొని కూర్చుంటాము. ఏ మతంవారైనా, ఏ కులంవారైనా ఊరి పిల్లలందరూ రావచ్చును. వచ్చేవారు పదవ తరగతి మెమో నకలు, ఆధార్ నకలు, నౌకరీ ప్రకటన తెచ్చుకోవాలె. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల తల్లిదండ్రులు పుట్టిన తారీఖు సర్టిఫికెట్టు తెస్తే, బడి రిజిస్టరులో పేరు ఎట్లా ఉన్నదో ఆ రోజే పోల్చి చూస్తాము.